ఎండ పూసిన రంగు

"దీన్ని కట్టెల కుప్పలో ఎందుకేసినావు?" కువైట్‌లో నేను పారేసిన పాత పలకను చూపి ఫోర్‌మన్ అన్న ఈ మాట ఇంకా మింగుడు పడలేదు. కడపోళ్ళకు కలప సంగతి ఒకరు చెప్పాల్నా? మిద్దె పెరికితే దూలం, దంతెలు, ద్వారబంధం దేనికది విడిగా పేర్చేవాళ్ళం కదా! ఆయప్ప మలయాళీ. ఆ పలక పాత బూమ్‌ది, అంటే గల్ఫోళ్ళ తెరచాప కొయ్య ఓడది. ఇక్కడి ఓడలకు టేకు మలబారు నుంచే వచ్చేది, ఆ గర్వం ఆయప్పది. కాకపోతే మాట మాత్రం నిజం. బూడిదరంగుకు తిరిగిన పలక కనిపిస్తే మన చెయ్యి పొయ్యి దిక్కే పోతుంది.

ఆ రంగు చెక్కది కాదు, ఎండది. ఎండకు పైపొర విరుగుతుంది, నీళ్ళకు కొట్టుకుపోతుంది, మిగిలిన నార వెలిసి బూడిదరంగుకు తిరుగుతుంది. చిత్రిక రెండు మూడు సార్లు లాగితే అసలు రంగు బయటపడుతుంది. అందుకే ముఖం చూసి పేరు చెప్పకూడదు. చివర అర అంగుళం కోసేసి, ఆ అడ్డకోతను పదునైన ఉలితో నున్నగా చెక్కి, తడిగుడ్డతో తుడిచి, పది రెట్ల భూతద్దం పెట్టి చూడాల. టేకైతే ఒక్కో ఏటి వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు వరసగా ఉంటాయి. తాజా పొట్టుకు తోలు వాసన, వేలికి జిడ్డు. నల్లమద్దిలో రంధ్రాలు వరస లేకుండా చెదిరి, వాటి చుట్టూ లేతరంగు అంచు ఉంటుంది. ఎత్తితేనే తేడా తెలుస్తుంది: ఘనపు మీటరుకు టేకు సుమారు 650 కిలోలు, నల్లమద్ది 850 దాకా. ఏగిస (వేగిస) చెక్క పొట్టు నీళ్ళలో వేసి ఎండలో పెడితే ఆ నీళ్ళు నీలంగా మెరుస్తాయి. షుగరుకని ఏగిస గ్లాసులో నీళ్ళు తాగే మనోళ్ళకు ఇది కొత్తేం కాదు.

మనం బోర్లాపడేది మేకుల దగ్గర. పైకి కనిపించేవి పీకి, పనైపోయిందనుకుంటాం. తల విరిగిన మేకు లోపలే ఉంటుంది, ప్లేనర్ (చిత్రిక మిషను) బ్లేడు అంచు విరిగేది దానికే. ముందు అయస్కాంతం, తర్వాత మెటల్ డిటెక్టర్, నాలుగు పక్కలా. లోపల ఇరుక్కున్నదాని చుట్టూ డ్రిల్లు వేసి తీసి, ఆ బొక్కలో అదే చెక్క బిరడా కొట్టాల. మేకు చుట్టూ నల్లమచ్చ పుచ్చు కాదు. ఇనుము తడిసి చెక్కలోని వగరుతో కలిస్తే వచ్చే మచ్చ అది. ఆగ్జాలిక్ యాసిడ్ నీళ్ళు పూస్తే పోతుంది. అది విషం, గ్లౌజులు తప్పనిసరి, తర్వాత బాగా కడగాల. పాత పెయింటుంటే పొడిగా ఉప్పుకాగితం పట్టొద్దు, సీసం ఉండొచ్చు.

అంచున తెల్లచెక్క (బెరడు పక్కనుండే లేతరంగు చెక్క) ఉంటే మొహమాటం లేకుండా కోసి పారెయ్యండి, పుచ్చు పురుగు ముందు దాన్నే తింటుంది. పలకల మధ్య అంగుళం బద్దలు పెట్టి, వాడబోయే గదిలోనే పేర్చి, తేమ మీటరు అంకె కదలకుండా నిలిచేదాకా ఆగాల. ఇక్కడ ఏసీ గదిలో తొందరపడితే కీళ్ళు విడిపోతాయి. టేకుకు జిగురు పట్టదంటారు గానీ, తప్పు జిగురుది కాదు, చెక్కలోని నూనెది. కొత్తగా సాపు చేసి, అసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు రాసి బిగించండి. రేపు చూద్దాంలే అనుకుంటే నూనె మళ్ళీ పైకొస్తుంది.