తేదీ లేని గైడు

ఉబుంటులో ప్రింటర్ పనిచేయించడానికి నెట్‌లో దొరికిన ఆ గైడు ఏ ఏడాది రాసిందో ఎక్కడా లేదు. పైన లేదు, కింద లేదు, రాసినవాడి పేరు పక్కన కూడా లేదు. పొద్దున్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ మనిషెవరో దొరికితే నిలదీయాలని ఉంది. దొరకడు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందు కింద ఉండే మా మరిదివాళ్ళ ల్యాప్‌టాప్ సంగతి చెప్పాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదని దాన్ని ఒప్పుకోలేదు. దీపావళికి నేనే విండోస్ బదులు ఊరికే దొరికే ఉబుంటు వేసిచ్చాను, 24.04 వెర్షన్, అంటే 2024 ఏప్రిల్‌ది. మరిది అప్పుడే అన్నాడు, "దీనికేమైనా అయితే మీదే పూచీ వదినా" అని. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు. ఇవాళ అయ్యింది.

సంక్రాంతి సెలవులైపోయాయి, రేపు మరిది కూతురు బుజ్జి కాలేజీలో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. కింద ఒక పాత లేజర్ ప్రింటర్ ఉంది, మరిది ఎవరిదగ్గరో చవగ్గా కొన్నది. విండోస్‌లో బుద్ధిగా పనిచేసేది. ఇప్పుడు కేబుల్ పెడితే పేరైతే చూపిస్తోంది గాని, ప్రింట్ ఇవ్వగానే "ఫిల్టర్ ఫెయిల్డ్" అంటోంది. కాయితం కదలదు.

ఈయన పేపర్లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పేశారు. "డే అండ్ నైట్ జంక్షన్ దాకా వెళ్తే ఎవడో ఒకడు తీసిస్తాడు. పది రూపాయల పనికి ఆదివారం అంతా పాడుచేసుకోవడం ఎందుకు?" ఆయన మాటలో తప్పేం లేదు. అందుకే ఒళ్ళు మండింది. అత్తయ్యది ఇంకో వరస. "ఏటే, పొద్దుటేల నుంచీ ఆ డబ్బా ముందరే కూకున్నారు, అన్నాలు తినరేటి?"

బుజ్జి ఫోన్లో వెతికి ఒక గైడు పట్టుకొచ్చింది. "ఐదు స్టెప్పులే పెద్దమ్మా, కాపీ చేసి పేస్ట్ చెయ్యడమే." మొదటి స్టెప్పు, జీకేసుడో (అడ్మిన్ హక్కుతో ప్రోగ్రాం తెరిచే కమాండు) జీఎడిట్ (ఎడిటర్) అని కొట్టి సోర్సెస్ డాట్ లిస్ట్ తెరవమంటాడు, సాఫ్ట్‌వేర్ ఎక్కణ్ణుంచి దించుకోవాలో జాబితా ఉండే ఫైలది. కొట్టింది. కమాండ్ నాట్ ఫౌండ్. సరే, వేరే ఎడిటర్లో తెరవమన్నాను. తెరిస్తే ఫైల్లో ఒక్క కామెంట్ లైను తప్ప ఏమీ లేదు. పిల్ల మొహం పాలిపోయింది. "అంతా చెరిపేశానా పెద్దమ్మా?"

ఏమీ చెరగలేదు. 24.04 నుంచి ఆ జాబితా ఉబుంటు డాట్ సోర్సెస్ అనే ఇంకో ఫైల్లోకి మారిపోయింది. పాత ఫైల్లో ఆ ముక్క చెప్పే కామెంట్ లైను ఒక్కటే మిగిలింది. జీకేసుడోని 2018లోనే, 18.04 వచ్చినప్పుడే తీసేశారు. జీఎడిట్ కూడా ఇప్పుడు ముందే వేసి రాదు. ఇవన్నీ నాకు తెలుసు. బుజ్జికి ఎలా తెలుస్తాయి? ఆ పిల్లకి గైడు అంటే గైడే, నిన్న రాసినా పదేళ్ళ కింద రాసినా ఒకటే.

నాకైతే చదువుతుంటే దాని వయసు తెలిసిపోతుంది. శ్రీముఖలింగం గోడల మీద శాసనాలకి లిపిని చూసి కాలం కడతారు చూడండి, అలాగ. జీకేసుడో ఉంటే 2018కి ముందుది. వెనకాల నడిచే సర్వీసుని ఇనిట్ డాట్ డీ అనే పాత దారిలో రీస్టార్ట్ చెయ్యమంటే, సర్వీసులన్నిటినీ నడిపే సిస్టమ్‌డీ రాకముందుది, అంటే ఉబుంటులో 15.04 కంటే పాతది. "ఎడమపక్క యూనిటీ డాష్ నొక్కండి" అన్నాడంటే, ఉబుంటు డెస్క్‌టాప్ యూనిటీగా ఉన్న 2011కీ 2017కీ మధ్యది. నెట్‌వర్క్ వివరాలు చూపే పాత కమాండు ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టమంటే కొంచెం అనుమానించాలి, ఇప్పటికీ వేళ్ళకి అదే అలవాటైన ముసలివాళ్ళు ఉన్నారు, నాతో సహా. ఇవాళ్టి గైడులో 64-బిట్ మెషీన్ అయితే, పాత 32-బిట్ ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఐఏ32-లిబ్స్ అనే ప్యాకేజీ వేసుకోమని ఉంది. ఆ ప్యాకేజీని ఉబుంటు 13.10లోనే తీసేశారు. అంటే ఇది 2013కి ఇటు వచ్చే అవకాశమే లేదు.

ఒక్క తేదీ వేస్తే ఈ పురావస్తు పరిశోధనంతా తప్పేది కదా! వార్తలు రాసేవాళ్ళకి మాత్రం తేదీ నిమిషాలతో సహా కావాలి. కొత్త వెర్షన్ వచ్చింది, పది కొత్త ఫీచర్లు, వాల్‌పేపర్ మీద ఏ జంతువు. గంట గంటకీ అదే. 2025 అక్టోబర్లో ఉబుంటు 25.10 వచ్చినప్పుడు, పాత సీ భాషలో ఉన్న చిన్న చిన్న కమాండ్లని రస్ట్ భాషలో రాసినవాటితో మార్చారు. అందులో తేదీ చెప్పే డేట్ కమాండుకే ఒక లోపం. ఫైలు ఎప్పటిదో అడిగితే సరిగ్గా చెప్పేది కాదు. దాంతో కొన్ని మెషీన్లలో ఆటోమేటిక్‌గా అప్‌డేట్లు వెతుక్కోవడం ఆగిపోయింది. తర్వాత సరిచేశారనుకోండి. ఆ వార్త చదివి అప్పట్లో నవ్వుకున్నాను. ఇవాళ నవ్వు రాలేదు.

ఇదంతా నాకు మా సీనియర్ నోట్సుని గుర్తుకు తెచ్చింది.

2008. మేం ఆముదాలవలసలో ఉండేవాళ్ళం. ఉబుంటువాళ్ళు అడిగినవాళ్ళకల్లా సీడీలు ఊరికే పోస్టులో పంపేవారు, షిప్‌ఇట్ అని. 2011లో ఆపేశారు. నేను నెట్ సెంటర్లో అడ్రసు కొట్టి మర్చిపోయాను. కొన్ని వారాలకి మా పోస్టుమాన్ విదేశీ కవరొకటి పట్టుకుని, వీధంతా వినబడేలా పిలిచాడు. "మేస్టారూ, మీ అమ్మాయికి ఫారిన్ నుంచి వచ్చింది!" నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, విప్పకుండా బీరువాలో పెట్టేశారు. ఊరికే ఎవడూ ఏదీ ఇవ్వడని ఆయన సిద్ధాంతం. తీసుకుంటే తర్వాత డబ్బు కట్టమని నోటీసొస్తుందని భయం. అమ్మ వకాల్తా పుచ్చుకున్నాకే సీడీ నా చేతికొచ్చింది. హార్డీ హెరాన్, 8.04. కంప్యూటర్లో పెట్టాక డెస్క్‌టాప్ వచ్చేసరికి అమ్మ దోసెలు పోసి, తినిపించి, గిన్నెలు కూడా కడిగేసింది.

ఇంట్లో నెట్ లేదు. ఏ సాఫ్ట్‌వేర్ కావాలన్నా బస్సెక్కి శ్రీకాకుళం రావాలి, నెట్ సెంటర్లో గంట లెక్కన కట్టి డెబ్ ఫైలు (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే ఫైలు) దించుకోవాలి, పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్ళాలి. నొక్కితే, దీనికి ఇంకో ఫైలు కావాలంటుంది. మర్నాడు మళ్ళీ బస్సు. అది తెస్తే దానికి మరొకటి కావాలంటుంది. కండక్టరు నా మొహం చూసి టికెట్ కొట్టేసేవాడు, ఎక్కడికని అడిగేవాడు కాదు.

అప్పుడు మా సీనియర్ తన నోట్సు జిరాక్స్ ఇచ్చాడు. రూళ్ళ కాయితాల మీద చేతిరాత. ఎడమ పక్క కమాండు, కుడి పక్క తెలుగులో "ఎందుకు". అందులో ఒక చిట్కా నన్ను బతికించింది. సాఫ్ట్‌వేర్ వేసే ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ కమాండులో ఇన్‌స్టాల్ ముందు ప్రింట్-యూఆర్ఐస్ అని చేరిస్తే, అది ఏమీ దించదు. కావలసిన ఫైళ్ళన్నిటి అడ్రసులూ వరసగా రాసి చూపిస్తుంది. ఆ జాబితా పట్టుకుని ఒక్కసారి నెట్ సెంటర్‌కి వెళ్తే చాలు. కుడి పక్క ఆయన రాసింది ఇంకా గుర్తుంది: "మెషీన్‌కి తనకేం కావాలో తెలుసు. మనం అడగడం లేదు, అంతే." బస్సు ఖర్చు మిగిలింది. ఆ కాయితాలు చెదలు పట్టేదాకా దాచుకున్నాను.

ఇంతవరకూ రాశాక ఒకటి తట్టింది. ఆ కాయితాల మీద తేదీ ఉందా? ఎంత గుర్తుచేసుకున్నా, లేదు.

మరి ఇవాళ మధ్యాహ్నం జరిగింది కూడా చెప్పాలి కదా. పాత గైడుని తిట్టుకుంటూ నేనే ఇంకోటి వెతికాను. ఈ నెలలోనే రాసినట్టు పైన పెద్ద అక్షరాల్లో తేదీ ఉంది. ఉబుంటు 24.04కే అని శీర్షికలోనే ఉంది. సంతోషంగా కిందికి వచ్చాను. మూడో స్టెప్పు, ఐఏ32-లిబ్స్ వేసుకోండి! పాత గైడులోని స్టెప్పులే, మక్కీకి మక్కీ. వాక్యాలు మాత్రం నున్నగా చేసి, తేదీ కొత్తది తగిలించారు. మనిషి రాశాడో మెషీన్ రాసిందో గాని, రాసినవాళ్ళు ప్రింటర్ మొహం చూసి ఉండరు. తేదీ ఉంటే చాలు అని పొద్దున్నుంచీ వాదిస్తున్న నాకు నోట మాట రాలేదు. తేదీ వేసుకుని మరీ అబద్ధం చెప్పొచ్చన్నమాట.

దానికంటే తేదీ లేనివాడే నయం. ఎందుకంటే ఆ పాత గైడు చివర, ఎవరూ చదవని చోట, ఒక పేరా ఉంది. ప్రింటర్ డ్రైవర్ ఫైలు ఫోల్డర్లో కళ్ళ ముందే కనిపిస్తుంది, నడపబోతే మాత్రం "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది, కంగారుపడొద్దు అని రాశాడు. సరిగ్గా అదే మాకూ వస్తోంది. బుజ్జి అప్పటికే నాలుగైదుసార్లు వేలు పెట్టి చూపించింది, "ఇదిగో ఉంది కదా పెద్దమ్మా, లేదంటుందేంటి?" అని. ఆయన వివరణ ఏమిటంటే, డ్రైవర్ 32-బిట్‌ది. దాన్ని మెమరీలోకి ఎక్కించడానికి లోడర్ అని ఇంకో చిన్న 32-బిట్ ఫైలు కావాలి. 64-బిట్ సిస్టంలో అది మామూలుగా ఉండదు. లేదంటున్నది ఆ లోడర్‌ని, డ్రైవర్‌ని కాదు.

కారణం తెలిశాక మందు పేరు మారితే ఏమైంది? డీపీకేజీ కమాండుతో ఐ386 ఆర్కిటెక్చర్, అంటే 32-బిట్ ప్యాకేజీలు వేసుకునే వీలు, కలిపాం, ముందు ఆ లోడర్‌ని వేశాం, తర్వాత ఎల్‌డీడీ అనే కమాండు కొడితే ఏ లైబ్రరీలు దొరకలేదో అదే చెప్పింది, ఆ 32-బిట్ లైబ్రరీలూ వేశాం. నిజానికి 2019లో ఉబుంటువాళ్ళు 32-బిట్ ప్యాకేజీలు మొత్తం మానేస్తామన్నారు. కంప్యూటర్ ఆటలాడుకునేవాళ్ళూ, విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళూ గోల చేస్తే కొన్ని ఉంచారు. గోల వాళ్ళది, లాభం మా బుజ్జి రిపోర్టుది.

ప్రింట్ వచ్చింది. మొదటి పేజీ మీద శీర్షిక తెలుగులో, గిడుగు ఫాంటులో పెట్టుకుంది పిల్ల. గుండ్రంగా ఉందని పెట్టిందట. గిడుగు రామ్మూర్తిగారిది మన పర్వతాలపేటే అని చెప్తే "ఫాంటుకి ఊరేంటి పెద్దమ్మా?" అంది. అన్నం తింటూ చెప్తానన్నాను గాని, ఆకలిమీద మర్చిపోయాను.

అయినా, తేదీ వేస్తే ఏం పోయేది అని ఇప్పటికీ అనిపిస్తోంది. ఆయన వేసే ఉంటాడేమో, పేజీ రూపు మార్చినప్పుడు ఎవరో ఎగరగొట్టేశారేమో. ఇంత ఓపిగ్గా కారణం రాసినవాడు తేదీ దగ్గర బద్ధకించి ఉంటాడా? పొద్దున్న నిలదీయాలనుకున్నాను, ఇప్పుడు దొరికితే కాఫీ ఇచ్చి అడుగుతాను. అడగడం మాత్రం మానను.

మరిది రాత్రి పైకొచ్చి ప్రింటు చూసి మెచ్చుకోకపోగా, "ఏప్రిల్లో 26.04 వస్తుందట కదా వదినా, రాగానే వేసేద్దాం" అన్నాడు. ఎక్కడో వార్త చదివాడు. వద్దన్నాను. ఇప్పుడున్న 24.04కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్ళు అప్‌డేట్లు వచ్చే వెర్షన్) నుంచి ఎల్‌టీఎస్‌కి మారమని సిస్టం అడిగేది కూడా 26.04.1 వచ్చాకే, అంటే ఆగస్టు. అప్పటికి ఈ ప్రింటర్ బతికి ఉంటే చూద్దాం. ఈలోపు ఆ ల్యాప్‌టాప్‌లో ఎవరు ఏ కమాండు కొట్టినా ముందు నాకు చెప్పాలని బుజ్జి చేత ఒట్టు వేయించుకున్నాను. మరిది చేత వేయించుకోలేదు, వేసినా నమ్మను.