నిన్న రాత్రి మళ్ళీ ‘కోర్ట్’ పెట్టుకున్నా

నేనేం పెద్ద సినిమా పిచ్చోణ్ణి కాదు, ఏడాదికి నాలుగైదు చూస్తే ఎక్కువ. ‘పుష్ప 2’కి ఇంటిల్లిపాదీ వెళ్ళాం, మూడు గంటల ఇరవై నిమిషాలు, జాతర సీన్‌లో అల్లు అర్జున్ చీర కట్టుకుని ఆడుతుంటే నిజంగా ఒళ్ళు జలదరించింది కానీ, చివరి గంటలో నాకు కథ కంటే నడుం నొప్పే ఎక్కువ గుర్తుంది. ‘కల్కి’లో అశ్వత్థామగా అమితాబ్ కనిపించిన ప్రతిసారీ బాగుంది, మిగతా టైమంతా ఎవరు ఎవరో మా అమ్మకి చెప్పడంతోనే సరిపోయింది. ‘సంక్రాంతికి వస్తున్నాం’కి నాన్న కోసం వెళ్ళా, వెంకటేశ్ అంటే ఆయనకి ప్రాణం. లాజిక్ వెతకలేదు, అందులో పిల్లాడు బుల్లిరాజు నోరు విప్పినప్పుడల్లా హాలంతా గొల్లున నవ్వింది.

మనసులో ఉండిపోయింది మాత్రం 2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’. పెద్ద హీరో లేడు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసులో ఇరుక్కున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, అతని తరఫున వాదించే లాయరుగా ప్రియదర్శి, అంతే. ఆ కేసు పెట్టించిన మంగపతిగా శివాజీని చూస్తుంటే లేచి కొట్టాలనిపించింది (అలాంటి పెద్దమనిషి మా చుట్టాల్లోనూ ఒకడున్నాడు లెండి). నిన్న అన్నం తింటూ పది నిమిషాలు చూద్దామని పెట్టా. కంచం కడిగేసరికి పన్నెండున్నర.