రాత్రంతా మేలుకుంటున్న నెక్సస్ 7

మొదటి రాత్రి. పదకొండింటికి బ్యాటరీ 92 శాతం, పొద్దున ఆరింటికి 71. ఎవరూ ముట్టుకోలేదు. 2013 నాటి గూగుల్ ట్యాబ్ నెక్సస్ 7, రూట్ చేసి (అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకుని) లీనియేజ్ ఓఎస్ అనే ఆండ్రాయిడ్ రూపం వేసుకున్నది. కొత్తలో 3,950 ఎంఏహెచ్ పట్టే బ్యాటరీ ఇప్పుడు అంత పట్టదు, తెలుసు. కానీ బల్ల మీద పడుకున్న ట్యాబ్ ఇంత తినకూడదు.

మూడో రాత్రి. వెనకాల నడిచే యాప్‌లను గంటకోసారి మూసేసే యాప్ ఒకటి పెట్టి చూశాను. పొద్దునకు 68! మూసినదల్లా మళ్లీ మొదటినుంచి లేస్తోంది, ఆ లేవడానికే ఎక్కువ ఖర్చవుతోంది. వెంటనే తీసేశాను. దయచేసి ఇలాంటివి ఎవరూ పెట్టకండి.

ఐదో రాత్రి. పడుకునే ముందు టెర్మినల్‌లో రూట్ అనుమతితో బ్యాటరీ లెక్కలను సున్నా చేశాను. పొద్దున ఛార్జర్ పెట్టకముందే వేక్‌లాక్‌ల పట్టిక తీశాను. ప్రాసెసర్ పడుకోకుండా యాప్ పట్టి ఉంచే తాళమే వేక్‌లాక్. పట్టికలో పై వరుసలోనే ఒక వార్తల యాప్, నాలుగు గంటల పది నిమిషాలు! ఆండ్రాయిడ్ 6 నుంచి వాడకుండా ఉంచినప్పుడు యాప్‌లను నిద్రపుచ్చే డోజ్ ఉంది కదా, కదలకుండా ఉన్న ట్యాబ్‌లో ఇది ఎలా మేలుకుందని వెతికితే జవాబు సెట్టింగులలోనే దొరికింది. వార్తలు ఆలస్యం కాకూడదని నేనే ఎప్పుడో దానికి బ్యాటరీ పొదుపు నుంచి మినహాయింపు ఇచ్చాను. అది తీసేస్తే మరుసటి పొద్దునకు 84.

తర్వాత వైఫై. ఆపినా లొకేషన్ కోసం చుట్టుపక్కల నెట్‌వర్కులను వెతికే సెట్టింగు వేరే ఉంటుంది, దాన్నీ ఆపాలి. ఇప్పుడు 92 నుంచి 89. చాలా సంతోషంగా ఉంది.

రెండో వారం, చదివేటప్పటి ఖర్చు. ఇది ఎల్‌సీడీ తెర, నల్ల నేపథ్యం పెట్టినా కలిసొచ్చేది లేదు. వెనుక దీపం తగ్గిస్తేనే తేడా. నేను పావు వంతు దగ్గర ఉంచాను.

అసలు బరువు పుస్తకాలది. ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించుకున్న పాత తెలుగు పుస్తకాల స్కాన్లు తెరిస్తే ఒక్కో పేజీ రావడానికి మూడు సెకన్లు. ఇరవై పేజీలు తిప్పేసరికి కెమెరా కింద వేలికి వెచ్చగా తగులుతుంది. ఆ పీడీఎఫ్‌లలో పేజీ బొమ్మలు జేపెగ్ 2000 అనే ఫార్మాట్‌లో ఉన్నాయి, దాన్ని విప్పడం పాత ప్రాసెసర్‌కు పెద్ద పని. కంప్యూటర్‌లో పేజీలను మామూలు జేపెగ్‌లోకి, తెర వెడల్పు 1,200 పిక్సెళ్లకు కుదించి మళ్లీ పీడీఎఫ్ చేశాను. పేజీ తాకగానే వస్తోంది, వెనక చల్లగా ఉంది. గంట చదివితే 14 శాతం పోయేది, ఇప్పుడు 9. ఒత్తులు కూడా స్పష్టంగానే ఉన్నాయి, క్ర దగ్గర రావత్తును జూమ్ చేసి మరీ చూసుకున్నాను.

మిగిలింది ఛార్జింగును 80 దగ్గర ఆపడం. నిండుగా ఉంచేకొద్దీ లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. రూట్ అనుమతులు చూసుకునే మ్యాజిస్క్‌లో, ఛార్జింగును అదుపు చేసే ఏసీసీ మాడ్యూల్ వేశాను. ఈ ట్యాబ్ కెర్నల్‌లో (సిస్టమ్ అడుగున హార్డ్‌వేర్‌ను నడిపే భాగం) ఛార్జింగు ఆపే స్విచ్‌లలో ఏది పనిచేస్తుందో ఆదివారం పరీక్షిస్తాను. అప్పటిదాకా 80 కాగానే చేత్తోనే తీగ తీస్తున్నాను.