చిన్నాన్న అంచనా, ప్లాటినం పొర

"అది కొలత కాదు, ఊహ" అన్నాడు మా రీసెర్చ్ గ్రూపులో సీనియర్. నీళ్లు చూసి ఆక్సిజన్ తగ్గిందో లేదో మా శ్రీకాకుళం రొయ్యల రైతులు చెప్పగలరని మీటింగులో నేనన్న మాటకి అతనిచ్చిన జవాబది. జర్మనీలో ఇలా మొహమ్మీదే చెప్పేస్తారు, తర్వాత మామూలుగానే కాఫీకి పిలుస్తారు. నాకు మాత్రం ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మేం చేసేది ఆక్సిజన్ కొలిచే పొరలే. ప్లాటినం పోర్ఫిరిన్ అనే రంగునీ పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్‌నీ టోలుయీన్‌లో కరిగించి, పల్చగా పరిచి ఆరబెడతాం. ఆకుపచ్చ కాంతి వేస్తే ఆ పొర ఎర్రగా వెలుగుతుంది. ఆక్సిజన్ తగిలితే ఆ శక్తిని అది లాగేసుకుంటుంది, ఎరుపు తగ్గిపోతుంది. గాలిలో మసగ్గా ఉన్న పొర మీద నైట్రోజన్ వదిలితే నిప్పుకణికలా ఎర్రబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఆ వెలుగు ఎన్ని మైక్రోసెకన్లలో ఆరిపోతుందో చూసి ఆక్సిజన్ ఎంతుందో లెక్కకడతాం.

కష్టమంతా పాలిమర్ దగ్గరే, అంటే రంగుని పట్టి ఉంచే ప్లాస్టిక్ దగ్గరే. ఆక్సిజన్‌ని లోపలికి రానివ్వాలి, రంగుని నీళ్లలోకి పోనివ్వకూడదు. పీఎంఎంఏ అనే అక్రిలిక్ ప్లాస్టిక్‌లో అయితే ఆక్సిజన్ అంత తేలిగ్గా చొరబడదు. రంగు ఎక్కువేస్తే అణువులు గుంపుకట్టి వెలుగే తగ్గిపోతుంది. కాంతికి త్వరగా పాడవకూడదని ఫ్లోరిన్ ఉన్న రకం వాడతాం.

మా చిన్నాన్న చెరువు సంతబొమ్మాళి వైపు. వన్నామీ రకం రొయ్య వేస్తాడు. చీకటి పడ్డాక ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే కంటికి ఆనని నాచు, ఆక్సిజన్ ఇవ్వదు సరికదా, ఉన్నది వాడేస్తుంది. అందుకే తెల్లారగట్ల టెన్షన్. టార్చితో గట్టంతా తిరుగుతాడు, చెక్ ట్రే లేపి మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండిందో లేదో చూస్తాడు, నీటి రంగు చూస్తాడు, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లలో దేని చప్పుడు మారిందో వింటాడు. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగు. ఇన్నీ కలిపి ఒక మాట చెప్పే మనిషిది ఊహా? మా పొరకి తెలిసేది ఒక్క ఆక్సిజనే. ఆ సీనియర్ ఏ చెరువు గట్టునా ఒక్క రాత్రి గడపలేదు.

ఈ కోపమంతా ఫోన్లో చిన్నాన్న ముందు వెళ్లగక్కాను. ఆయన నావైపు మాట్లాడలేదు. "ఒరే, రొయ్య పైకి తేలిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టురా. అది తేలకముందే సెప్పేదేటైనా ఉంటే సూడు" అన్నాడు.

ఈ పద్ధతిలో పనిచేసే మీటర్లు మార్కెట్లో ఉన్నవే. చెరువులో పెడితే వాటి మూత మీద పాచి పడుతుంది, తుడుస్తూ ఉండాలి, కొన్నాళ్లకి మూతే మార్చాలి. ఆ ఖర్చు చిన్న రైతుకి బరువు. పాచి పట్టిన నీళ్లలో మా పొర ఎన్నాళ్లు నిలుస్తుందో చూద్దామని వచ్చే మీటింగులో అడుగుతాను. మా ఊళ్లోనే పరీక్ష పెడదామని కూడా అడుగుతాను, రోజూ మీటర్ చూడకముందే చిన్నాన్న చెప్పే అంచనాకి రికార్డులో ఒక కాలమ్ కేటాయించాలన్న షరతుతో.