సూది తెచ్చిన గుండె జబ్బు

సూదితో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లకి చలిజ్వరం వస్తే ముందుగా అనుమానం పోయేది విత్‌డ్రాయల్ మీదికే. వణుకు, చెమటలు, ఒళ్లు హూనమైపోయే నొప్పులు, కడుపులో తిప్పడం. మందు అందకపోయినా ఇవే వస్తాయి, రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇవే వస్తాయి. డోసు పడితే విత్‌డ్రాయల్ తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ తగ్గదు, తేడా అంతే. నాకు డోసు పడ్డాక కూడా పళ్లు టకటకలాడుతూనే ఉండేవి. ఊపిరి గట్టిగా పీలిస్తే కుడి పక్కటెముకల కింద ఎవరో పొడిచినట్టు ఉండేది.

హెరాయిన్ దాకా ఎలా వచ్చానన్నది క్లుప్తంగా చెప్పేస్తాను. యాక్సిడెంట్‌లో కాలు విరిగింది. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఓపియాయిడ్ మాత్రలు, అంటే నల్లమందు జాతివి, ఇచ్చారు. నొప్పి పోయింది గానీ మాత్రలు పోలేదు. రాసిచ్చేవాళ్లు మానేశాక బయట కొన్నాను, అవీ చాలక సూదికి వచ్చాను. ఈ దారిలో నాకంటే ముందు వెళ్లినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. హెరాయిన్‌ని బేయర్ కంపెనీ 1898లో అమ్మకానికి పెట్టింది దగ్గుమందుగా. దగ్గును అణిచే గుణం దానికి నిజంగానే ఉంది. అందుకేనేమో, లోపల ఊపిరితిత్తులు పాడవుతున్నా నాకు దగ్గు పెద్దగా రాలేదు. వచ్చిన రోజు మాత్రం కళ్లెలో నెత్తురు కనిపించింది. అక్కకి కాళ్లూ చేతులూ ఆడలేదు.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు. చేతుల మీద మచ్చలు చూశాక మాట్లాడే తీరు మారిపోయింది. యాంటీబయాటిక్ ఎక్కించారు, విత్‌డ్రాయల్ సంగతి అడిగితే "ఓర్చుకోవాలి" అన్నారు. హెరాయిన్ విత్‌డ్రాయల్ మనిషిని సాధారణంగా చంపదు, నిజమే. అనుభవించేవాడికి ఆ మాట ఏ పనికీ రాదు. ఆఖరి డోసు పడిన కొన్ని గంటలకే ఆవలింతలు మొదలవుతాయి, ముక్కు కారుతుంది, కళ్లలోంచి నీళ్లు వస్తాయి. తర్వాత ఒళ్లంతా గగుర్పొడుస్తుంది, కాళ్లు వాటంతటవే తన్నుకుంటాయి, కడుపు ఒక్క క్షణం నిలవనివ్వదు. రెండో రోజుకీ మూడో రోజుకీ మధ్య అది తారస్థాయికి చేరుతుంది. అప్పటిదాకా నేను ఆగలేదు. సొంత బాధ్యత మీద వెళ్తున్నానని కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేశారు. జ్వరం మళ్లీ రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఇలా మధ్యలో వెళ్లిపోయేవాళ్లని మొండివాళ్లు, బాగుపడాలన్న ఆలోచన లేనివాళ్లు అనుకుంటారు. నేను గట్టిగా నమ్మేది వేరు. విత్‌డ్రాయల్‌కి మందు ఇవ్వకుండా ఇన్ఫెక్షన్‌కి మాత్రమే మందు ఇస్తే, ఆ రోగిని చేజేతులా బయటికి పంపుతున్నట్టే. ఈ మాట ఇంత ధైర్యంగా అంటున్నానంటే రెండో ఆసుపత్రిలో జరిగింది నా ఒంటి మీదే చూశాను కాబట్టి.

అక్కడి డాక్టర్ మేడమ్ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఏం వాడుతున్నావు, రోజుకి ఎన్నిసార్లు, ఆఖరిసారి ఎప్పుడు?" అని అడిగారు. గొంతులో కోపం లేదు, జాలీ లేదు. షుగర్ పేషెంటుని ఇన్సులిన్ గురించి అడిగినట్టు అడిగారు. నేను నోరు విప్పింది అందుకే.

యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకి, రక్తం తీయాలన్నారు, అదీ వేర్వేరు చోట్ల నుంచి. నరం ఎక్కడుంది? మోచేతుల దగ్గర నరాలు తాళ్లలా గట్టిపడిపోయాయి, పైకి కనిపిస్తాయి, లోపలికి సూది దిగదు. సిస్టర్ ఒకావిడ ఓపిగ్గా చెయ్యంతా తడిమారు. చివరికి అల్ట్రాసౌండ్ మిషన్ తెప్పించి, తెర మీద చూస్తూ, లోతుగా ఉన్న నరం పట్టుకున్నారు. "ఇక దీన్ని కాపాడుకుందాం బాబూ" అన్నారు. మచ్చలు చూశాక కూడా నన్ను బాబూ అని పిలిచిన మొదటి మనిషి ఆవిడ.

గుండెకి తీసే స్కాన్, ఎకోలో అసలు సంగతి బయటపడింది. గుండెకి కుడివైపున, పై గదికీ కింది గదికీ మధ్య ట్రైకస్పిడ్ అనే కవాటం ఉంటుంది. దానికి మూడు రెక్కలు. అందులో ఒక రెక్కని పట్టుకుని చిన్న ముద్దలాంటిది వేలాడుతోంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది ఇటూ అటూ ఎగిరిపడటం నేనూ చూశాను. దాన్ని వెజిటేషన్ అంటారట. బ్యాక్టీరియా, గడ్డకట్టిన రక్తం కలిసి పేరుకున్న ముద్ద. జబ్బు పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. కల్చర్‌లో వచ్చింది స్టాఫిలోకాకస్ ఆరియస్, మామూలుగా మనుషుల చర్మం మీదా ముక్కులోనూ ఉండే బ్యాక్టీరియా. చర్మం మీద ఉన్నంతకాలం అది చాలామందిని ఏమీ చెయ్యదు. సూదితో పాటు నరంలోకి దిగితే మాత్రం ఆ రక్తం నేరుగా గుండె కుడివైపుకే చేరుతుంది. దారిలో ఎదురయ్యే మొదటి కవాటం ట్రైకస్పిడే. మిగతావాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా ఎడమవైపు కవాటాలకి వస్తే, సూది వాడేవాళ్లలో కుడివైపు రావడానికి కారణం ఇదేనని మేడమ్ కాగితం మీద గుండె బొమ్మ గీసి చూపించారు.

నా కుడి పక్క నొప్పికి కూడా అక్కడే జవాబు దొరికింది. ఆ ముద్ద నుంచి ముక్కలు విడిపోయి రక్తంతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఇరుక్కుంటున్నాయి. ఇరుక్కున్న చోటల్లా చీము పడుతోంది. సీటీ స్కాన్‌లో గుండ్రటి మచ్చలు, కొన్నింటికి నడిమధ్య బోలు. కొత్త సిరంజి వాడుతున్నాను కదా, నాకేం కాదులే అనుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి. సిరంజి కొత్తదే కావచ్చు, చర్మం మీద ఉన్న బ్యాక్టీరియా ఎక్కడికీ పోదు. మాత్రలు పొడిచేసి ఎక్కించుకునేవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. మాత్ర తయారీలో కలిపే టాల్క్ లాంటివి కరగవు, అవీ వెళ్లి ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లోనే చేరతాయి.

ఇలాంటి జబ్బుకి మామూలుగా 4 నుంచి 6 వారాలు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలి. కవాటం మీది ముద్దలోకి రక్తనాళాలు వెళ్లవు, లోపల దాక్కున్న బ్యాక్టీరియాని చేరాలంటే మందు గట్టిగా, ఎక్కువ రోజులు పడాలి. మొదట వాంకోమైసిన్ ఇచ్చారు, కల్చర్ రిపోర్ట్ పూర్తిగా వచ్చాక సెఫజోలిన్‌కి మార్చారు. అన్ని వారాలు మంచం మీద ఎలా ఉంటానా అని నాకు టెన్షన్. మేడమ్‌కి అది ముందే తెలుసు.

విత్‌డ్రాయల్‌ని అణిచే మందు బ్యూప్రెనార్ఫిన్. ఆ మాత్ర వెంటనే ఇవ్వలేదు. విత్‌డ్రాయల్ బాగా మొదలయ్యేదాకా ఆగమన్నారు. మెదడులో హెరాయిన్ అతుక్కునే రిసెప్టర్లకే ఇదీ అతుక్కుంటుంది, ఇంకా గట్టిగా. ఒంట్లో హెరాయిన్ ఉండగానే వేసుకుంటే దాన్ని ఒక్కసారిగా నెట్టేసి, విత్‌డ్రాయల్‌ని నిమిషాల్లో నెత్తిన పడేస్తుంది. ఆగడం కష్టమే అయింది. ఆవలింతలు, ముక్కు కారడం, గగుర్పాటు ఒక్కొక్కటిగా వచ్చాక సిస్టర్ ఒక చార్టు పట్టుకుని మార్కులు వేసి, అప్పుడు మాత్ర తెచ్చారు. నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు. చేదు. నోరంతా ఊరుతుంది, మాట్లాడటానికి లేదు. గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. కొంతసేపటికి కాళ్లు తన్నుకోవడం ఆగిందని నాకంటే ముందు అక్కే గమనించింది. ఆ రోజు మరో మాత్ర పడ్డాక నిద్రపట్టింది. మత్తు కాదు, మామూలు నిద్ర.

"ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారా మేడమ్?" అని అక్క అడిగింది. తప్పుగా అడగలేదు, ఎవరికైనా వచ్చే సందేహమే. మేడమ్ విసుక్కోలేదు. ఇది రిసెప్టర్‌ని సగమే పనిచేయిస్తుందట. డోసు పెంచుకుంటూ పోయినా ఒక స్థాయి దాటాక ప్రభావం పెరగదు కాబట్టి, ఒక్కదాన్నే వాడితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం హెరాయిన్‌తో పోలిస్తే చాలా తక్కువ. మద్యంతోనో నిద్రమాత్రలతోనో కలిపితే మాత్రం ప్రమాదమే. ఒకసారి వేసుకుంటే రోజంతా నిలబడుతుంది, కాబట్టి మనిషి డోసు కోసం పరుగెత్తకుండా తన పని చూసుకోగలడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్నీ, ఇదే పనికి వాడే మెథడోన్‌నీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఈ చికిత్సలో ఉన్నవాళ్లలో మరణాలు, మానేసినవాళ్లతో పోలిస్తే, సుమారు సగం. "బీపీ మాత్ర రోజూ వేసుకుంటే అలవాటు పడ్డారని అనం కదమ్మా" అన్నారు. అక్క ఇక అడగలేదు. నేను ఆ వార్డులో యాంటీబయాటిక్ కోర్సు మొత్తం పూర్తి చేశాను.

అదే రక్తపరీక్షల్లో హెపటైటిస్ సి, కాలేయానికి సోకే వైరస్ జబ్బు, బయటపడింది. హెచ్‌ఐవీ లేదు. హెపటైటిస్ బి కూడా లేదు కాబట్టి దానికి టీకా వేశారు. సి కి టీకా లేదు. సిరంజి పంచుకుంటేనే వస్తుందనుకునేవాణ్ని. మందు కలిపే నీళ్లు, చెంచా, వడకట్టే దూది పంచుకున్నా చాలు. ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకుండా కాలేయాన్ని కొద్దికొద్దిగా గట్టిపరుస్తూ పోతుంది.

ఈ వైరస్‌ని గుర్తించిందే 1989లో. ఆ పరిశోధనకి 2020లో హార్వీ ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్ల్స్ రైస్‌లకి నోబెల్ ఇచ్చారు. ఒకప్పుడు నెలల తరబడి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు చేయించుకుని, జ్వరాలతో, డిప్రెషన్‌తో నానా అవస్థలు పడినా చాలామందికి నయమయ్యేది కాదు. నాకు ఇచ్చింది సోఫోస్‌బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర, రోజుకి ఒకటి, 12 వారాలు. కొంచెం తలనొప్పి తప్ప ఇబ్బంది లేదు. ఇలాంటి మందులతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. కోర్సు అయిపోయిన 12 వారాలకి మళ్లీ పరీక్ష చేశారు, వైరస్ లేదు. రిపోర్ట్ చూసి అక్కకి ప్రాణం లేచొచ్చింది. యాంటీబాడీ పరీక్ష మాత్రం ఇకముందు కూడా పాజిటివ్ అనే చూపిస్తుంది, దాన్ని చూసి ఎవరూ బెంబేలు పడనక్కర్లేదు. వైరస్ ఉందో లేదో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. యాంటీబాడీ ఉంది కదా అని రక్షణ ఉన్నట్టూ కాదు, మళ్లీ సోకవచ్చు.

డిశ్చార్జ్ రోజు అందరికంటే ఎక్కువసేపు మాట్లాడింది అక్కతోనే. ఓవర్‌డోస్‌ని విరిచే నాలోక్సోన్ స్ప్రే చేతికిచ్చి, ముక్కులో ఎలా కొట్టాలో నేర్పించారు. కొన్నాళ్లు మానేశాక ఒంటికి పాత డోసుని తట్టుకునే శక్తి పోతుంది. మళ్లీ జారితే, ఒకప్పుడు మామూలుగా అనిపించిన మోతాదే ఊపిరి ఆపేస్తుంది. కనుపాపలు సూదిమొనంత అయిపోవడం, పెదాలు నీలంగా మారడం, గురకలాంటి శబ్దం, పిలిస్తే పలక్కపోవడం కనిపిస్తే స్ప్రే కొట్టాలి. అంబులెన్స్‌కి ఫోన్ చేయడం కూడా తప్పదు, ఎందుకంటే నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో దిగిపోతుంది, ఒంట్లోని మత్తుమందు అప్పటికీ ఉండొచ్చు. అక్క అన్నీ రాసుకుంది. ఆ స్ప్రే ఇప్పటికీ ఆవిడ బ్యాగులోనే ఉంటుంది. నా మీద నమ్మకం లేక కాదని నాకు తెలుసు.

కోలుకోవడం నేననుకున్నంత త్వరగా రాలేదు. ఏళ్ల తరబడి వేధించిన మలబద్ధకం కాస్త సర్దుకుంది. నిద్ర చాలా నెలలు తిన్నగా పట్టలేదు. చిన్న విషయానికే కళ్లలో నీళ్లు తిరిగేవి, అంతకాలం ఏ భావమూ లేకుండా మొద్దుబారిపోయి ఉన్నవాడికి అది కొత్త. నోరు ఎండిపోతూ ఉండటం వల్ల పళ్లు పాడైపోయాయి. మెట్లు ఎక్కితే మొదట్లో ఆయాసం వచ్చేది, ఇప్పుడు లేదు. కవాటం కొంచెం లీకవుతోంది, ఏడాదికోసారి ఎకో తీయించుకోవాలి. జ్వరం వస్తే సొంతంగా మందులు మింగకుండా ముందు బ్లడ్ కల్చర్‌కి వెళ్లమన్నారు.

బ్యూప్రెనార్ఫిన్ ఎప్పుడు ఆపుతావని బంధువులు అడుగుతూనే ఉంటారు. నాకు తొందర లేదు, మేడమ్‌కీ లేదు. మందు ఆపిన తర్వాతి మొదటి వారాల్లోనే ఓవర్‌డోస్ ప్రమాదం ఎక్కువ. వచ్చే నెల ఒక పన్ను తీయించుకోవాలి. ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లు ఆ పనికి ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి, చిగుళ్ల నుంచి బ్యాక్టీరియా మళ్లీ కవాటం మీదికి చేరకుండా. పళ్ల డాక్టర్‌కి నా జబ్బు సంగతి మొత్తం నేనే చెప్పాను, హెరాయిన్‌తో సహా. ఆయన రాసుకుని, మందు చీటీ ఇచ్చి, తేదీ ఖాయం చేశారు.