గండికోటకు ఒంటిచక్రం మీద రెండోసారి

జమ్మలమడుగు నుంచి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. నా 36 అంగుళాల యూనీసైకిల్ (ఒంటిచక్రం సైకిల్) మీద అది దాదాపు 5,200 తొక్కుళ్ళు, ఎందుకంటే దీనికి చైనూ లేదు, ఫ్రీవీలూ లేదు, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరిగి 2.87 మీటర్లు పోతుంది.

పోయిన చలికాలం ఇదే దారిలో వచ్చాను. అప్పుడు 127 మిల్లీమీటర్ల క్రాంకులు (పెడళ్ళు బిగించే కడ్డీలు), బ్రేకు లేదు. శనగ చేల మధ్య చదును రోడ్డు మీద హాయిగా సాగింది గానీ ఎక్కుడులో మూడుసార్లు దిగాను. తిరుగు ప్రయాణం ఇంకా కష్టం, పల్లంలో చక్రాన్ని కాళ్ళతోనే వెనక్కి అదిమి ఆపాలి కాబట్టి కాసేపటికే మోకాళ్ళు వణికాయి, మిగతా దూరం నడిపించుకుంటూ వచ్చాను. టీ బంకు దగ్గర ఒక తాత చక్రం చుట్టూ తిరిగి చూసి "అబ్బీ, దీనికి బ్రేకు యాడుంది?" అన్నాడు. లేదు తాతా అన్నాను. "మరి పల్లానికి ఎట్లా ఆపుతావు?"

అప్పటికి నేను గేరు హబ్ (గేరు ఉన్న చక్రం ఇరుసు భాగం) కోసం డబ్బు కూడబెడుతున్నాను. ష్లుంఫ్ హబ్ అని ఉంటుంది, మడమతో బటన్ తడితే ఒక తొక్కుడుకు చక్రం ఒకటిన్నర చుట్లు పైగా తిరుగుతుంది. పొడవాటి చదును రోడ్లకు అది నిజంగా గొప్ప వస్తువు. కానీ మన సీమలో రోడ్డు, గుట్ట, రాళ్ళు, ముళ్ళు అన్నీ ఒకే పూటలో తగులుతాయి, వేగం కన్నా ముందు ఆగడం కావాలి. ఆ డబ్బుతో డిస్క్ బ్రేకు, పెడల్‌ను 127 దగ్గరో 150 మిల్లీమీటర్ల దగ్గరో బిగించుకునే రెండు రంధ్రాల క్రాంకులు తీసుకుని, టైరును ట్యూబ్‌లెస్ చేయించి సీలెంట్ (పంక్చరు పడితే రంధ్రాన్ని పూడ్చే ద్రవం) పోయించాను. ఈ సైజు ట్యూబు కడపలో నాకు ఎక్కడా దొరకలేదు, సర్కారు తుమ్మ ముల్లు దిగితే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి.

ఈసారి పొద్దున ఆరింటికే బయలుదేరాను. చదునంతా 127 రంధ్రంలోనే తొక్కి, ఎక్కుడు మొదలయ్యే చోట 15 నంబరు స్పానరుతో పెడళ్ళు విప్పి 150కి మార్చాను. ఎడమ పెడల్ మర ఉల్టా తిరుగుతుంది, తొందరలో మర్చిపోతే మర పోతుంది, జాగ్రత్త. తేడా 23 మిల్లీమీటర్లే, అయినా ఒక్కసారే దిగాను, అదీ ఎదురుగా బస్సు వచ్చినందుకు. కోట లోపల మాధవరాయస్వామి గుడి వైపు మట్టిదారిలో టైరు గాలి కొంచెం తగ్గిస్తే గులకరాళ్ళ మీద ఎగిరిపడటం తగ్గింది. పెన్నా లోయ అంచున ఎర్రబండల మీద మాత్రం తొక్కలేదు, అక్కడ చక్రం పక్కన పెట్టి కూర్చోవడమే సరైన పని.

దిగేటప్పుడు అసలు సంగతి తెలిసింది. బ్రేకు లివరు సీటు ముందు పిడి కింద ఉంటుంది, ఒక్కసారిగా నొక్కితే మనిషి ముందుకు పడతాడు, అందుకే ఒక వేలితో మెల్లగా పట్టి ఉంచి కాళ్ళను బ్యాలెన్స్‌కే వదిలేశాను. మలుపుల దగ్గర కూడా టెన్షన్ లేదు, కిందిదాకా తొక్కుతూనే వచ్చాను. టీ బంకు మూసి ఉంది, తాతకు చూపిద్దామనుకున్నాను.

ఇంటికొచ్చి కడిగితే టైరులో నాలుగు ముళ్ళు. ఒక్కోటి లాగుతుంటే సీలెంట్ తెల్లగా ఉబికి గట్టిపడింది, గాలి పోలేదు.