వెండితెర మీద మన యాస

గత ఏడాది, అంటే 2025లో, జనం బాగా చూసిన సినిమాలలో ‘తండేల్’ను మా శ్రీకాకుళంలో సొంత సరుకులాగే చూశారు. గుజరాత్ తీరానికి వలస వెళ్లి చేపల వేటకు దిగిన మన జిల్లా మత్స్యకారులు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన ఉదంతమే దానికి ఆధారం. ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్ల బెంగను సాయిపల్లవి చూపించినంతసేపూ కథ నిలబడింది. జైలులోకి వెళ్లాక మాత్రం నినాదాలు పెరిగి, మనుషులు తగ్గిపోయారని నాకనిపించింది.

యాస విషయానికొస్తే, హీరో మాటలకు నా ముందు వరుసలోని పెద్దాయన ‘మనమిలాగ సాగదీత్తామేట్రా?’ అని మనవణ్ణి గట్టిగానే అడిగారు. నాగచైతన్య శ్రమపడ్డారు, కాదనను. అయితే ప్రతి వాక్యం చివరా యాసను అతికించినట్టుండటమే ఇబ్బంది.

‘సంక్రాంతికి వస్తున్నాం’ పండగ పూట ఇంటిల్లిపాదినీ నవ్వించింది, అంతకుమించి దాన్ని అడగకూడదు. ఆ ఏడాది నన్ను నిజంగా కట్టిపడేసింది ‘కోర్ట్’. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టాన్ని ఒక కుటుంబ పెద్ద పంతానికి ఎలా వాడుకోవచ్చో, పెద్ద తారల హంగు లేకుండా, ఎక్కువగా వాదనల మీదే నడిపించారు. శివాజీ పోషించిన మంగపతి పాత్ర చూసి హాల్లో వెనకనుంచి తిట్లు వినిపించాయి. ఆ నటుడికి అంతకన్నా మంచి సమీక్ష ఎవరు రాయగలరు?